ఎడమచేతి హోంవర్కు

“ఎడమ చేత్తోనా?” పోసవ్వ ముక్కున వేలేసుకుంది. “పిల్ల రాత లెక్క కనవడాలని ఎడమ చేత్తో రాసినవా? ఓసి నీ తెలివి పాడుగాను!”

సుజన తల ఎత్తలేదు. బాన్సువాడలో వాళ్ళు తీసుకున్న ఆ కిరాయి గది నలుగురు కూర్చుంటే నిండిపోతుంది. ఆ నలుగురి మధ్య, చాప మీద, సింధుజ హోంవర్కు పుస్తకం తెరిచి పడి ఉంది. జూన్ నుంచి డిసెంబరు దాకా ప్రతి పేజీలోనూ ఎర్ర సిరాతో ‘గుడ్’, ‘వెరీ గుడ్’. ఒకచోటైతే నక్షత్రం కూడా వేశారు. అక్షరాలు కాస్త వంకరగా, కాస్త తూలుతూ, అచ్చం ఆరేళ్ళ పిల్ల రాసినట్టే ఉన్నాయి. వాటిలో ఒక్కటీ సింధుజ రాసింది కాదు.

ఆ మధ్యాహ్నం సాంబమూర్తి సారు సుద్దముక్క సింధుజ చేతికిచ్చి, బోర్డు మీద ‘అ’ నుంచి ‘ఋ’ దాకా రాయమన్నాడు. పిల్ల సుద్దముక్క పట్టుకొని కిటికీ వైపు చూసింది. కిటికీ అవతల సుజన నిలబడి ఉంది, రోజూ లాగే టిఫిన్ డబ్బా పట్టుకొని, బిడ్డకు అన్నం తినిపించడానికి. పిల్ల చూపు వెంటే సారు చూపూ కిటికీ దాకా వచ్చింది. ఇంకేముంది, ఆ హోంవర్కు రాస్తున్నది ఎవరో తెలిసిపోయింది! గంటలో ఊళ్ళో ఇంటికి ఫోను పోయింది. సాయంత్రానికల్లా భానుప్రసాద్ తల్లిని బండి వెనక కూర్చోబెట్టుకొని దిగాడు.

“గా సారు ఏమన్నడో సక్కగ జెప్పు,” అన్నాడు భార్యతో.

“శనివారం దాక సూస్తనన్నడు. పిల్ల ఒక్కతే క్లాసుల గూసోవాలె, ఒక్కతే తినాలె, ఒక్కతే రాయాలె. నేను గేటు దాటి లోపటికి రావద్దట.” సుజన పుస్తకం మూసేసింది. “శనివారం బోర్డు మీద రాయకుంటే ఎల్‌కేజీల గూసోవెడ్తరట.”

“ఎల్‌కేజీ లేదు, గిల్‌కేజీ లేదు. సామాను గట్టు!” పోసవ్వ లేచి గూట్లోని గిన్నెలు దించడం మొదలుపెట్టింది. “చెరుకు కటింగ్ నడుస్తున్నది. పొలం కాడ పదిమంది కూలోళ్ళున్నరు. వాళ్ళకు చాయ్ వోసే దిక్కు లేదు. నువ్వేమో ఈడ గూసోని ఎడమ చేత్తో ఓనమాలు దిద్దుతున్నవ్!”

“అత్తమ్మా, గిన్నెలు ముట్టకు.”

“ముట్టొద్దా? పోయినేడు ఏమంటివి? పిల్ల ఆటోల ఒక్కతే పోలేదు, ఏడుస్తది, కక్కుతది అంటివి. పన్నెండు కిలోమీటర్లు దానికి దూరమంటివి. సరే, రూము దీస్కున్నం. నా కొడుకు ఆడ ఒక్కడు, నువ్వీడ ఒక్కతివి. గిదా ఇగ నువ్వు జేసిన నిర్వాకం?”

సుజనకు ఒళ్ళు మండింది. ఇంతసేపూ దించిన తల చటుక్కున లేచింది.

“దానికి చేతులు రాకుండ చేసింది నేనొక్కదాన్నేనా? మూడేండ్ల దాక కింద కాలు వెట్టనిచ్చినవా అత్తమ్మా? పాదాలు కందిపోతయని చంకల ఏసుకొనే తిరిగితివి. ఇప్పటికీ ఊరికొస్తే ముద్దలు గలిపి నోట్ల వెడ్తవు. నీ దగ్గరికొస్తే నా బిడ్డ నాకు దొరుకుతదా?”

పోసవ్వ చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. భానుప్రసాద్ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పక్కవాటాలో ఇంటిగలామె జమునాబాయి పొయ్యి మీద ఏదో తాలింపు పెడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆ గదిలో ఇంత నిశ్శబ్దాన్ని సుజన రోజూ వింటూనే ఉంటుంది. కాకపోతే, నలుగురున్నప్పుడు కూడా అదే నిశ్శబ్దం వచ్చి కూర్చోవడం ఇదే మొదటిసారి.

చివరికి భానుప్రసాద్ కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. “బిడ్డా, నువ్వు జెప్పు. ఊరికి పోదమా? ఈడ ఉంటవా?”

సింధుజ తల తిప్పి తల్లి ముఖంలోకి చూసింది. ఎవరేం అడిగినా ఆ పిల్ల చేసే పని అదే. పేరేంటని అడిగినా, ఆకలైందా అని అడిగినా ముందు తల్లి ముఖం చూస్తుంది.

“ఈడనే ఉంటదట,” అంది సుజన.

“నిన్నడగలె. దాన్నడిగిన.”

 భానుప్రసాద్ లేచి బండి తాళం తీసుకున్నాడు.

“సరే, శనివారం దాకనే. శనివారం ట్రాక్టర్ దీస్కొని వస్త. పిల్ల రాసిందా, సరే. రాయలేదా, సామాను ఎక్కించుడే. ఇగ నాతోని వాదం వెట్టుకోకు.”

పోసవ్వ పోతూ పోతూ మనవరాలి నోట్లో బెల్లంముక్క పెట్టింది. చేతికివ్వలేదు, నోట్లోనే పెట్టింది. సుజన అది చూసింది గానీ, ఏమనడానికీ ఓపిక లేకపోయింది.

బండి చప్పుడు సందు దాటింది. సుజన తలుపు దగ్గరగా వేసి, చాప మీద పుస్తకం ముందు కూలబడింది.

ఎందుకు రాశావని అందరూ అడిగారు. సారు అడిగాడు, అత్త అడిగింది, మొగుడు అడిగాడు. ఏమని చెబుతుంది? మొదటి రోజు సింధుజ పెన్సిలు పట్టి, ‘అ’ దగ్గరే ఏడుపు లంకించుకుని, గంటసేపు తల్లి ఒళ్ళో ముఖం దాచుకుంది. పోనీలే, ఈ ఒక్కరోజూ రాసి పెడదామనుకుంది సుజన. కుడి చేత్తో రాస్తే పదో తరగతి పాసైన రాత, ముత్యాల్లా వచ్చి పట్టిస్తుంది. అందుకని ఎడమ చేత్తో రాసింది. రెండో రోజూ అంతే. మూడో రోజుకి సింధుజ తనంతట తనే వచ్చి ఒళ్ళో కూర్చుంది.

అదీ అసలు సంగతి. బిడ్డ ఒళ్ళో, బిడ్డ నెత్తి మీద తన గడ్డం, ఎడమ చేతిలో పెన్సిలు. పిల్ల ఒంటి మీద బడి సుద్ద వాసన. పొద్దుట్నుంచి ఎవరితోనూ మాట్లాడని మనిషికి ఆ గంట ఎంత విలువైందో ఎవరికి తెలుసు? ఈ ఊళ్ళో ఆమెకు ఎవరూ తెలియరు. వారానికోసారి వస్తానన్న భానుప్రసాద్ చెరుకు నరకడం మొదలయ్యాక మూడు వారాలకోసారి కూడా రాలేదు. ఊళ్ళో ఉంటే పిల్ల అత్త పక్కన పడుకుంటుంది, అత్త చేతి ముద్దే తింటుంది. తెల్లారకముందే పొలం పోయి, దీపాలు పెట్టే వేళకు వచ్చే తల్లికి మిగిలేది ఏముంది? ఈ గదిలోనైతే బిడ్డ తనది. ఆ హోంవర్కు సింధుజది కాదు, సుజనది. ఈ మాట ఎవరితోనూ అనలేక ఆమె లోలోపలే కుమిలిపోయింది.

“అమ్మా, హోంవర్కు,” అంటూ సింధుజ వచ్చి అలవాటుగా ఒళ్ళో కూర్చోబోయింది.

సుజన ఆ పిల్లను పక్కన చాప మీద కూర్చోబెట్టింది. పెన్సిలు చేతికిచ్చింది. “నువ్వు రాయి బిడ్డా.”

“నువ్వు రాయి.”

“నేను రాయొద్దు. సారు కోపం జేస్తడు.”

 సింధుజ గది పెంకులెగిరిపోయేలా ఏడ్చింది. పెన్సిలు విసిరికొట్టింది. తల్లి చెయ్యి పట్టి పెన్సిలు దగ్గరికి లాగింది. సుజన ఎడమ చెయ్యి తనంతట తనే లేవబోతే, దాన్ని తొడ కింద పెట్టుకొని గట్టిగా కూర్చుంది.

“అగ బాయీ! ఏమైంది పిల్లకు?” గోడ అవతలి నుంచి జమునాబాయి కేకేసింది.

“రాయమంటే ఏడుస్తుంది అవ్వా.”

“ఏడ్వనియ్యి. గా ఏడుపు జూడలేకనే గద నువ్వు రాసిస్తివి. ఏడ్చినోళ్ళకు ఆపుకునుడు గూడ వస్తది. నువ్వే ఆగుతలేవు.”

ముసలామె మాట సుజనకు సూటిగా గుచ్చుకుంది. అయినా కదలలేదు. ఎంతసేపటికో ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. సింధుజ పెన్సిలు వెతుక్కొని తెచ్చుకుంది. పేజీ మధ్యలో ఒక ‘అ’ వేసింది. అది ‘అ’ అంటే ‘అ’, జిలేబీ అంటే జిలేబీ. రబ్బరు తీసుకొని దిద్దాలని సుజనకు వేళ్ళు లాగేశాయి.

“మంచిగుంది,” అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మంగళవారం గేటు దగ్గర సింధుజ తల్లి చీర కొంగు వదలలేదు. ఆయా వచ్చి వేళ్ళు ఒక్కొక్కటిగా విడిపించి లోపలికి తీసుకుపోయింది. సుజన వెనక్కి చూడకుండా నడిచి, బడి వెనక సందులోకి తిరిగి, గోడకు చెవి పెట్టి నిలబడింది. ఎవరైనా చూస్తే దొంగ అనుకునేవాళ్ళే. బిడ్డ ఏడుపు కాసేపు వినిపించింది. తర్వాత పిల్లలందరూ ఎక్కాలు అప్పజెప్పే గోలలో ఆ ఏడుపు కలిసిపోయింది. ఎంత ప్రయత్నించినా తన బిడ్డ గొంతు ఏదో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం డబ్బా నిండుగా తిరిగొచ్చింది. పప్పన్నం ఎలా పెట్టిందో అలాగే ఉంది.

“తినలేదేంది?”

సింధుజ డబ్బా మూత వంక చూసింది.

బుధవారమూ అంతే.  బిడ్డ పొట్ట లోపలికి పోయినట్టు సుజనకు అనిపించింది. గేటు దాటి కిటికీ దగ్గర ఒక్క ముద్ద పెట్టి వస్తే ఏం పోతుంది, ఎవరు చూడొచ్చారు అనుకుంది. గేటు దాకా పోయింది కూడా. గేటు ఊచ పట్టుకొని కాసేపు నిలబడి, తిరిగొచ్చేసింది. ఆ పూట తనూ తినలేదు.

గురువారం సాయంత్రం డబ్బా తేలిగ్గా ఉంది. సుజన ఆత్రంగా మూత తీసింది. ఒక్క మెతుకు లేదు! ఉబ్బితబ్బిబ్బైపోయింది. అంతలోనే మూత అంచుకు పడ్డ సొట్ట కనపడింది. బడి తెరిచినప్పుడు కొన్న కొత్త స్టీలు డబ్బా అది.

“గిదేందే, సొట్టవోయింది? కింద పడేసినవా?”

“బెంచికి గొట్టిన.”

“బెంచికెందుకు గొట్టినవే?”

“మూత వస్తలేదు గద! మస్తు టైటుంటది. గట్ల గొడితే వస్తదని మంజుల జెప్పింది.”

డబ్బా సుజన చేతిలోనే ఉంది. దారిలో పప్పు కారుతుందని రోజూ బలమంతా పెట్టి ఆ మూత నొక్కి బిగించేది తనే. రోజూ కిటికీ దగ్గర దాన్ని తీసేదీ తనే. ఆ మూత ఆరేళ్ళ చేతులకు రాదన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. రెండు రోజులు పిల్ల డబ్బా ముందు పెట్టుకొని ఆకలితో కూర్చుంది, మూత రాక. అన్నం వద్దని కాదు.

“మంజుల తీసిచ్చిందా మూత?”

“ఉహూ. అది జెప్పింది. కొట్టింది నేనే!” సింధుజ రెండు చేతులూ చాచి, ఎలా కొట్టిందో చూపించింది. “ధన్! అని చప్పుడొచ్చింది. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన.”

“ఎవరే ఈ మంజుల?”

“తండా పిల్ల. వాళ్ళ నాయిన ఫూల్‌సింగ్ ఆటో నడుపుతడు. మన ఊరి ముందలకెల్లే వస్తదట ఆటో. మంజుల ముందు సీట్ల గూసుంటదట. గాలికి మంచిగుంటదట, కక్కు రాదట.”

పిల్ల చెప్పుకుపోతూనే ఉంది. మంజులకు చెట్టెక్కడం వచ్చు. మంజుల తమ్ముడికి చొక్కా తొడుగుతుంది. సుజన నోరు తెరుచుకొని విన్నది. బడిలో ఏం జరిగినా ఇన్నాళ్ళూ కిటికీలోంచి తను చూసిందే. ఇవాళ తను చూడనిదేదో బిడ్డ చూసొచ్చి చెబుతోంది. సంతోషం వేసింది. ఆ సంతోషం అడుగున ఎక్కడో దిగులు కూడా వేసింది. ఆ దిగులు పేరేమిటో ఆమెకు తెలియలేదు.

శుక్రవారం సింధుజ ఒళ్ళోకి రాలేదు. గడప దగ్గర వెలుతురులో బోర్లా పడుకొని, కాళ్ళు ఊపుకుంటూ రాసుకుంటోంది. తల్లికి వీపు కనిపిస్తోంది.

“సింధూ, ఏం రాస్తున్నవే?”

“ఉండమ్మా. మర్చిపోత.”

సుజన లేచి పొయ్యి దగ్గరికి పోయింది. పొయ్యి మీద అన్నం అయిపోయింది. కూర నిన్నటిది ఉంది. ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చింది. ఇంక చెయ్యడానికి ఏమీ దొరక్క, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని గోడకు ఆనుకొని కూర్చుంది. ఎదురుగా, మూడు అడుగుల దూరంలో, బిడ్డే ఉంది. అయినా ఆ గదికి వచ్చిన ఆరు నెలల్లో ఇంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు.

శనివారం ఒంటిపూట బడి. సాంబమూర్తి సారు తనే గేటు దాకా వచ్చాడు.

“రాసిందమ్మా. ‘ఈ’ తలకిందులుగా రాసింది, మళ్ళీ తనే చెరుపుకొని దిద్దుకుంది. కిటికీ వంక ఒక్కసారి కూడా చూడలేదు. మీ పాప ఒకటో తరగతిలోనే ఉంటుంది.” ఆయన వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. “మీకు కష్టంగా ఉండి ఉంటుంది. నాకు తెలుసు.”

ఆ చివరి మాటకు సుజనకు ఏడుపు ముంచుకొచ్చింది. దండం పెట్టి, బిడ్డ చెయ్యి పట్టుకుంది. సింధుజ రెండడుగులు వేసి, చెయ్యి విడిపించుకొని ముందు పరుగెత్తింది.

సందు మొదట్లోనే ట్రాక్టర్ కనపడింది. ట్రాలీలో చెరుకు ఆకు ఇంకా అక్కడక్కడా అతుక్కొని ఉంది. పోసవ్వ అరుగు మీద జమునాబాయితో కూర్చుంది. సుజన గుమ్మం దగ్గరే నిలబడి, గెలిచిన మనిషిలా చెప్పింది.

“పిల్ల రాసింది. సారు పాసన్నడు. సామాను ఎక్కించేది లేదు. ట్రాక్టర్ తిప్పుకోండ్రి.”

“నిజమా!” భానుప్రసాద్ కూతుర్ని అమాంతం ఎత్తి గాల్లో తిప్పాడు. “నా బిడ్డే రాసిందా? ఒక్కతే?”

“ఒక్కదాన్నే,” అంది సింధుజ.

పోసవ్వ మెటికలు విరిచింది. మనవరాలి నోట్లో బెల్లంముక్క పెట్టబోతే, ఆ పిల్ల తనే అందుకొని నోట్లో వేసుకుంది. పోసవ్వ ఒక్క క్షణం తన ఖాళీ చేతిని చూసుకుంది. తర్వాత కోడలి వైపు తిరిగింది. ఈసారి గొంతులో కోపం లేదు. అదే భయమేసింది సుజనకు.

“మంచిదాయె. మరి ఇగ రూమెందుకే?”

“అంటే?”

“పిల్ల ఒక్కతే ఉండలేదనే గద రూము దీస్కుంటిమి. ఒక్కతే తింటుంది, ఒక్కతే రాస్తుంది. ఫూల్‌సింగ్ ఆటో మన ఇంటి ముందలకెల్లే వోతది. పొద్దున ఎక్కిస్తే పొద్దుమీకి దింపుతడు. నువ్వు నీ ఇంట్ల, నీ పొలం కాడ ఉండొచ్చు. పిల్లను నేను జూస్కుంట. పక్కల పండవెట్టుకుంట.”

భానుప్రసాద్ పిల్లను కిందికి దించాడు. “అవ్, అమ్మ అన్నది నిజమే.”

“అట్లెట్ల?” సుజన గుమ్మానికి అడ్డంగా జరిగింది. “దానికి ఆటోల వాంతులైతయి. మొన్న మొన్ననే నాలుగక్షరాలు నేర్చింది. ఇంకొన్ని దినాలు నేను దగ్గర ఉండకుంటే...”

 ఈ ఐదు రోజులూ కడుపు మాడ్చుకొని, చేతులు కట్టుకొని తను గెలిపించింది దేన్నో ఇప్పుడు తెలిసింది. పిల్ల ఓడిపోయినా గది పోయేది, గెలిచినా పోతోంది.

“పిల్లనే అడుగుత,” అన్నాడు భానుప్రసాద్. వంగి కూతురి ముఖంలో ముఖం పెట్టాడు. “బిడ్డా, ఊరికెల్లి ఆటోల నువ్వు ఒక్కదానివే వోతవా బడికి?”

సుజన ఒక అడుగు ముందుకేసింది. ఇప్పుడు తల తిప్పుతుంది. తన వైపు చూస్తుంది. ఒక్కసారి చూస్తే చాలు, ఏం చెప్పాలో కళ్ళతోనే చెబుతుంది. చూడు బిడ్డా, ఒక్కసారి చూడు.

సింధుజ తండ్రినే చూస్తోంది.

“వోత. మంజుల పక్కన ముందు సీట్ల గూసుంట,” అంది. కొంచెం ఆలోచించి, “అమ్మ రావద్దు. అమ్మ మూత గట్టిగ వెట్టకుంటే చాలు.”

పోసవ్వ పకపకా నవ్వింది. జమునాబాయి నవ్వలేదు. సుజన వైపు చూసి, కొంగుతో మూతి తుడుచుకొని, లోపలికి పోయింది. బడికి పోతూ సుజన ఇచ్చిన గది తాళం చెవిని అరుగు మీదే పెట్టిపోయింది, ఎవరికి కావాలో వాళ్ళు తీసుకొమ్మన్నట్టు.

భానుప్రసాద్ తాళం చెవి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. పెళ్ళయిన ఏడేళ్ళలో ఎప్పుడూ అడగని మాట అడిగాడు.

“సుజనా, నువ్వేమంటవ్? ఈడ ఉంటవా, వస్తవా? నువ్వే జెప్పు.”

అందరూ ఆమె వైపే చూస్తున్నారు.  తెలియకుండానే ఆమె తల తిరిగింది. ఏం చెప్పాలా అని బిడ్డ ముఖంలోకి చూసింది.

సింధుజ అప్పటికే ట్రాలీ చక్రం మీద కాలు పెట్టి, ఎవరి సాయం లేకుండా పైకి ఎక్కడానికి ప్రయత్నిస్తోంది.